ఎస్టోనియా సంగతేంటి? పన్నులు, ఓట్లు, పాటల పండగ

కృష్ణాతీరం:
అందరికీ నమస్కారం. మా అక్క కొడుకు ఎస్టోనియాలో ఎమ్మెస్ చేస్తానని పట్టుబట్టాడు. ఆ దేశం ఎలా ఉంటుందో తెలుసుకుందామని కొద్దిరోజులుగా చదువుతున్నా. చదివేకొద్దీ అయోమయం పెరుగుతోంది. ఒకచోట చూస్తే ప్రభుత్వ పనులన్నీ ఆన్‌లైన్‌లో అయిపోతాయి, ఇంట్లో కూర్చుని ఓటేస్తారు, స్కూలు చదువుల్లో యూరప్‌లోనే ముందున్నారు అని ఉంటుంది. ఇంకోచోట చూస్తే ఆర్థిక వ్యవస్థ కుంగిపోయింది, పన్ను మీద పన్ను వేస్తున్నారు, రష్యా యుద్ధ విమానాలు లోపలికొచ్చి వెళ్లాయి అని ఉంటుంది. ఇదంతా ఒకే దేశం గురించేనా? అక్కడ ఉన్నవాళ్లు, విషయం తెలిసినవాళ్లు చెప్పండి. కన్సల్టెన్సీ వాళ్ల మాటలు మాత్రం వద్దు. అవి మా అక్కకు ఇప్పటికే కంఠతా వచ్చేశాయి.

తాలిన్ మంచు:
ఒకే దేశం గురించే అన్నా. నేను తాలిన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. ముందు సైజు చెప్తా, మిగతావన్నీ దాన్నిబట్టే అర్థమవుతాయి. దేశం మొత్తం జనాభా దాదాపు 13.7 లక్షలు, అంటే ఒక్క విశాఖపట్నం కంటే తక్కువ. విస్తీర్ణం 45 వేల చదరపు కిలోమీటర్లు, అందులో సగం అడవే. తూర్పున రష్యా, దక్షిణాన లాత్వియా. ఉత్తరాన సముద్రం మీద రెండు గంటలు ఫెర్రీలో వెళ్తే హెల్సింకి.

ఆన్‌లైన్ విషయానికొస్తే, అది నిజమే. ప్రతి ఒక్కరికీ చిప్ ఉన్న ఐడీ కార్డు ఉంటుంది, 2002 నుంచి ఇస్తున్నారు. దానికి రెండు పిన్‌లు. మొదటిది నువ్వెవరో చెప్పడానికి, రెండోది సంతకం పెట్టడానికి. ఆ సంతకానికి చేత్తో పెట్టిన సంతకంతో సమానమైన చట్టబద్ధత ఉంది. ఇల్లు అద్దెకు తీసుకున్నా, కంపెనీ పెట్టినా, మందుల చీటీ అయినా, ఆదాయపు పన్ను అయినా అంతా దీనిమీదే. పన్ను లెక్క వాళ్లే నింపి పెడతారు, మనం చూసి సరే అనడమే. చివరిదాకా ఆన్‌లైన్‌లోకి రానిది విడాకులు. 2024 డిసెంబరులో అదీ వచ్చేసింది.

నాకు అన్నిటికంటే నచ్చింది ఇంకోటి ఉంది. నా వివరాలు ఏ ఆఫీసు ఎప్పుడు చూసిందో నాకు కనబడుతుంది. పోర్టల్ తెరిస్తే తేదీ, టైము, ఏ శాఖ అన్నది వరసగా ఉంటుంది. సంబంధం లేనివాళ్లు చూస్తే నిలదీయొచ్చు.

ఓరుగల్లు కోట:
ఇదంతా విన్నదే అన్నా. మరి పన్నుల సంగతి చెప్పవేంది?

తాలిన్ మంచు:
చెప్తా చెప్తా. వ్యాట్ 2023 దాకా 20 శాతం. 2024 జనవరి నుంచి 22, 2025 జులై నుంచి 24. పాలకూ రొట్టెకూ కూడా అదే రేటు. చాలా యూరప్ దేశాల్లో తిండి మీద తక్కువ వేస్తారు, ఇక్కడ ఆ మినహాయింపు లేదు. ఆదాయపు పన్ను 20 నుంచి 2025లో 22 అయింది. 2026లో 24 చేస్తామన్నారు కానీ గోల ఎక్కువై వెనక్కి తగ్గారు. ఇన్నేళ్లూ కార్లకు ఏటా కట్టే పన్ను అనేదే లేదు, 2025 జనవరి నుంచి అదీ మొదలైంది. ఆ బిల్లును అధ్యక్షుడు అలార్ కారిస్ ఒకసారి తిప్పి పంపారు. పార్లమెంటు మార్పులు చేసి మళ్లీ పాస్ చేసింది.

జీతాలు సగటున నెలకు 2,000 యూరోల చుట్టుపక్కల, అదీ పన్నుకు ముందు. కూరగాయల ధర చూస్తే ఫిన్లాండ్‌తో పోటీ, జీతం చూస్తే సగం. ఇక్కడి మనిషి కోపమంతా దీనిమీదే.

లెక్కల పుస్తకం:
నేను హైదరాబాద్‌లో సీఏని. పన్నులంటే ఊరుకోలేను కాబట్టి రెండు మాటలు.

ఎస్టోనియా పన్ను పద్ధతికి ఒకప్పుడు ప్రపంచమంతా పేరుంది. 1994లోనే అందరికీ ఒకే రేటు, 26 శాతం పెట్టారు. తర్వాత్తర్వాత తగ్గిస్తూ వచ్చారు. 2000 నుంచి కంపెనీ లాభం మీద పన్ను లేదు. లాభాన్ని కంపెనీలోనే ఉంచి మళ్లీ పెట్టుబడి పెడితే సున్నా, బయటికి డివిడెండ్‌గా తీస్తేనే పన్ను. అందుకే అంత చిన్న దేశంలో అన్ని స్టార్టప్‌లు. స్కైప్‌కు కోడ్ రాసింది తాలిన్‌లోనే. ట్యాక్సీ యాప్ బోల్ట్ అక్కడ పుట్టిందే. విదేశాలకు డబ్బు పంపే వైజ్ లండన్‌లో మొదలైనా, పెట్టింది ఎస్టోనియా వాళ్లే. స్కైప్‌ను మైక్రోసాఫ్ట్ 2025 మేలో మూసేసింది, కానీ అందులో డబ్బు సంపాదించినవాళ్లు పెట్టిన పెట్టుబడులు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

రెండోది, ఈ-రెసిడెన్సీ. వారానికి ఒకరైనా అడుగుతున్నారు నన్ను. 2014 డిసెంబరులో మొదలైంది. ఏ దేశం వాళ్లయినా ఫీజు కట్టి ఎస్టోనియా డిజిటల్ కార్డు తీసుకోవచ్చు, కంపెనీ పెట్టుకోవచ్చు. అంతవరకే. అది వీసా కాదు, అక్కడ ఉండడానికి అనుమతి కాదు, పౌరసత్వానికి దారి అంతకన్నా కాదు. కొందరు కన్సల్టెంట్లు దీన్ని ‘యూరప్ రెసిడెన్సీ’ అని చెప్పి అమ్ముతున్నారు. ఇంకో భ్రమ పన్ను గురించి. మీరు మియాపూర్‌లో కూర్చుని తాలిన్ కంపెనీ నడిపితే మన ఆదాయపు పన్ను శాఖ మిమ్మల్ని మర్చిపోదు. విదేశీ కంపెనీలో వాటా ఉంటే రిటర్నులో షెడ్యూల్ ఎఫ్‌ఏ నింపాలి. దాచిపెడితే నల్లధనం చట్టం కింద 10 లక్షల దాకా జరిమానా.

కృష్ణాతీరం:
లెక్కల పుస్తకం గారూ, దండం పెట్టాలి మీకు. మా బావకు సరిగ్గా ఈ ‘రెసిడెన్సీ’యే చెప్పారు ఎవరో. సరే, అంత మంచి పద్ధతి ఉన్నప్పుడు ఇప్పుడీ పన్నులన్నీ ఎందుకు?

తాలిన్ మంచు:
రక్షణ ఖర్చు. మిగతావన్నీ దాని తర్వాతే. 2024లో జీడీపీలో మూడు శాతం పైచిలుకు సైన్యానికి పెట్టారు. 2026 నుంచి అయిదు శాతం దాటించాలని నిర్ణయం. అమెరికా కూడా అంత పెట్టడం లేదు. బడిపంతులు జీతం, ఆస్పత్రి, రోడ్డు, అన్నీ ఇందులోంచి మిగిలితేనే. మగపిల్లలకు నిర్బంధ సైనిక శిక్షణ ఎలాగూ ఉంది.

ఓరుగల్లు కోట:
ఇక్కడే నాకు పేచీ. ప్రతిదానికీ రష్యా పేరు చెప్పుడు పాలకులకు అలవాటైంది. ఆర్థిక వ్యవస్థ కుంగింది రష్యా వల్లనేనా? నేను చదివినంతవరకు కారణాలు వేరే ఉన్నాయి. 2022లో ధరలు సగటున 19 శాతం పైగా పెరిగినయి, ఆగస్టులో అయితే 25 శాతం దాటింది. యూరో వాడే దేశాల్లో అప్పటికి అదే తొలి వరస. ఆ తర్వాత వడ్డీలు పెరిగినయి. అక్కడ ఇంటి లోన్లు దాదాపు అన్నీ యూరిబోర్‌తో, అంటే యూరప్ బ్యాంకుల మధ్య నడిచే వడ్డీ రేటుతో, ముడిపడ్డ ఫ్లోటింగ్ రేటు, ఆరు నెలలకోసారి మారుతది. కిస్తీలు అమాంతం లేచినయి. స్వీడన్, ఫిన్లాండ్‌లో ఇండ్లు కట్టుడు ఆగిపోయింది. ఎస్టోనియా అమ్మేది చెక్క, చెక్క ఇండ్లు. కొనేటోడే లేకపాయె. 2023లో జీడీపీ దాదాపు మూడు శాతం పడింది. మందగమనం మధ్యలో పన్నులు పెంచితే జనం కొనుడు ఇంకా తగ్గుతది. ఇది ఏ ఎకనామిక్స్?

ఇంకో మాట. అప్పు తీసుకోవచ్చు కదా. ఆ దేశం అప్పు జీడీపీలో పాతిక శాతం కూడా లేదు, యూరప్ సమాఖ్యలో అట్టడుగున ఉంది.

తాలిన్ మంచు:
కారణాలన్నీ కరెక్టే అన్నా, కాదనను. కానీ వాటిలో సగానికి మూలం ఎక్కడుంది? గ్యాసు, కరెంటు ధర పేలింది యుద్ధం వల్ల. కలప, ఇనుము రష్యా, బెలారుస్‌ల నుంచి వచ్చేవి, ఆంక్షలతో ఆగిపోయాయి. అప్పు గురించి ఇక్కడా ఇదే వాదన నడుస్తోంది. ఇప్పుడు అప్పు కూడా పెంచుతున్నారు, పన్నూ పెంచుతున్నారు. పాలిస్తున్న రిఫార్మ్ పార్టీది మొదట్నుంచీ తక్కువ పన్నుల పార్టీ అనే పేరు. ఆ పార్టీయే అన్ని పన్నులూ పెంచింది. అందుకే జనం దానిమీద మండిపడుతున్నారు.

పాత సంచిక:
నాయనా, మీరిద్దరూ చివరి నాలుగేళ్ల దగ్గరే తిరుగుతున్నారు. నేను చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ని, కొంచెం వెనక్కి వెళ్తా.

ఎస్టోనియన్లను ఏడు వందల ఏళ్లు ఎవరో ఒకరు ఏలారు. డేన్లు, జర్మన్ భూస్వాములు, స్వీడన్, తర్వాత రష్యా జార్లు. 1918 ఫిబ్రవరి 24న స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు, యుద్ధం చేసి నిలబెట్టుకున్నారు. 1920లో టార్టు ఒప్పందంతో సోవియట్ రష్యా వాళ్లను ‘శాశ్వతంగా’ గుర్తించింది. ఆ శాశ్వతం ఇరవై ఏళ్లు. 1939లో హిట్లర్, స్టాలిన్ రహస్యంగా పంచుకున్నారు, 1940లో సోవియట్ సైన్యం దిగింది. మధ్యలో మూడేళ్లు జర్మన్లు, మళ్లీ సోవియట్లు. 1949 మార్చిలో నాలుగు రోజుల్లో దాదాపు 20 వేల మందిని పశువుల రైళ్లలో సైబీరియాకు తరలించారు. అందులో ఎక్కువమంది ఆడవాళ్లూ పిల్లలూ. దేశం మొత్తం పది, పన్నెండు లక్షలున్నప్పుడు అంటే, ప్రతి ఇంట్లోనూ ఒక పేరుంటుంది. ఈ సంగతి పక్కనబెట్టి జీడీపీ లెక్క ఒక్కటే చూస్తే వాళ్లు పిరికిగా కనబడతారు.

1989 ఆగస్టు 23న, ఆ రహస్య ఒప్పందానికి సరిగ్గా యాభై ఏళ్లయిన రోజున, తాలిన్ నుంచి రీగా మీదుగా విల్నియస్ దాకా 600 కిలోమీటర్లకు పైగా జనం చేయి చేయి పట్టుకుని నిలబడ్డారు. ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా, మూడు దేశాల్లో కలిపి దాదాపు 20 లక్షల మంది. రెండేళ్లకు, 1991 ఆగస్టు 20న స్వాతంత్ర్యం తిరిగొచ్చింది.

ఇక ఆ డిజిటల్ సంగతి. 1992లో ప్రధాని అయిన మార్ట్ లార్‌కు 32 ఏళ్లు. ఖజానాలో ఏమీ లేదు. ఆయన రావడానికి కొద్ది నెలల ముందే రూబుల్ వదిలేసి క్రోన్ తెచ్చారు, ఎనిమిది క్రోన్లకు ఒక జర్మన్ మార్క్ అని కట్టేశారు. 1996లో ‘పులి గెంతు’ అనే పథకం పెట్టి బడులన్నిటికీ కంప్యూటర్లు, ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టారు. ఊరూరా ఆఫీసులు కట్టడానికి, గుమస్తాలను పెట్టడానికి డబ్బులేదు, మనుషుల్లేరు. అందుకని కంప్యూటర్ మీద పడ్డారు. దీనిని మేధావితనం అనే బదులు గత్యంతరం లేనితనం అంటే సరిపోతుంది.

తాలిన్ మంచు:
మాస్టారూ, సరిగ్గా చెప్పారు. దానికి ఒకటి కలుపుతా. 2007లో తాలిన్ నడిబొడ్డునుంచి సోవియట్ సైనికుడి కంచు విగ్రహాన్ని సైనిక శ్మశానానికి తరలించారు. రెండు రాత్రులు అల్లర్లు. వెంటనే బ్యాంకులు, పత్రికలు, ప్రభుత్వ సైట్ల మీద సైబర్ దాడులు మొదలై వారాల తరబడి సాగాయి. ఆ తర్వాతే నాటో సైబర్ రక్షణ కేంద్రం తాలిన్‌కు వచ్చింది. ఇప్పుడు దేశానికి కీలకమైన డేటా ఒక కాపీ లక్సెంబర్గ్‌లో ఉంది, రాయబార కార్యాలయానికి ఉండే రక్షణ హోదాతో. నేల పోయినా ప్రభుత్వం నడవాలని. భూమి రికార్డులను ఇంత దూరం ఆలోచించి దాచుకునే దేశం ఇంకోటి నాకు తెలీదు.

ఓరుగల్లు కోట:
భూమి రికార్డులు అనగానే మా ధరణి గుర్తొచ్చింది. ఆ ముచ్చట ఇక్కడ వద్దు లే.

కానీ ఆన్‌లైన్ ఓటు మీద నాకు నమ్మకం లేదు. మన దగ్గర ఈవీఎం మీదనే ఇంత లొల్లి. ఇంట్ల కూర్చొని ఓటు అంటే, పైసలు పంచినోడు పక్కనే కూర్చొని బటన్ నొక్కిస్తడు. రహస్య ఓటు ఏడ మిగిలింది?

తాలిన్ మంచు:
ఆ ప్రశ్నకు వాళ్ల దగ్గర జవాబుంది. ముందస్తు ఓటింగ్ రోజుల్లో ఎన్నిసార్లైనా ఆన్‌లైన్‌లో ఓటు మార్చుకోవచ్చు, చివరిదే లెక్క. పోలింగ్ బూత్‌కు వెళ్లి కాగితం మీద వేస్తే ఆన్‌లైన్ ఓటు రద్దు. అంటే నీ పక్కన కూర్చున్నవాడు లేచెళ్లాక మళ్లీ వేసుకోవచ్చు, వాడు ఇచ్చిన డబ్బు వృథా.

మా టీమ్‌లో ఒకామె ఓటేస్తుంటే చూశా, ఆమె అనుమతితోనే. కార్డు రీడర్‌లో పెట్టింది, మొదటి పిన్ కొట్టింది, అభ్యర్థుల పట్టీ వచ్చింది. ఆ టైములో స్క్రీన్ అటు తిప్పేసుకుంది. తర్వాత రెండో పిన్. ఒక క్యూఆర్ కోడ్ వచ్చింది. దాన్ని ఫోన్‌తో స్కాన్ చేస్తే సర్వర్‌కు చేరిన ఓటు ఎవరికి పడిందో చూపిస్తుంది. అదీ కొద్దిసేపే, తర్వాత పనిచేయదు. కాఫీ చల్లారేలోపు అయిపోయింది. లెక్కించేటప్పుడు ముందు సంతకాన్ని విడదీసి, ఆ తర్వాతే ఓటును తెరుస్తారు.

2005 స్థానిక ఎన్నికల్లో మొదలెట్టారు. 2023 పార్లమెంటు ఎన్నికల్లో పడ్డ ఓట్లలో సగానికి పైగా ఇంటర్నెట్ ఓట్లే.

లెక్కల పుస్తకం:
మరి 2017 సంగతి? ఐడీ కార్డు చిప్‌లోనే లోపం బయటపడింది కదా. ఏడున్నర లక్షల కార్డులు. విదేశీ పరిశోధకులు కనిపెట్టి చెప్పేదాకా వీళ్లకు తెలీదు.

తాలిన్ మంచు:
అవును, పెద్ద టెన్షనే అది. ప్రభుత్వం దాచకుండా చెప్పింది, నవంబరులో ఆ కార్డుల సర్టిఫికెట్లు ఆపేసి అప్‌డేట్ చేసింది. కానీ మధ్యలో అక్టోబరులో స్థానిక ఎన్నికలు ఆన్‌లైన్‌లో జరిపేశారు. నాకది ఇప్పటికీ నచ్చదు. దేశంలోనూ నమ్మకం రెండుగా చీలింది. రిఫార్మ్ ఓటర్లు ఆన్‌లైన్, ఎక్రే అనే జాతీయవాద పార్టీ ఓటర్లు కాగితం. 2023లో ఆ పార్టీ కోర్టుకెళ్లి ఓడిపోయింది. కోర్టు తీర్పొచ్చింది కదా అని అనుమానం పోలేదు.

టార్టూ చదువు:
నమస్తే అందరికీ, నేను టార్టులో మాస్టర్స్ చేస్తున్నాను. కృష్ణాతీరం గారూ, మీ మేనల్లుడికి పనికొచ్చేవి ముందు రాస్తాను, తర్వాత రాజకీయం.

టార్టు లక్ష జనాభా లేని ఊరు, యూనివర్సిటీ 1632 నాటిది. చదువు బాగుంది, టీచర్లను పేరు పెట్టి పిలుస్తారు. చదువుకు అడ్డం రానంతవరకు పార్ట్‌టైమ్ పని చేసుకోవచ్చు, కానీ చిన్న ఊరు, ఎస్టోనియన్ భాష రాకపోతే దొరికేది డెలివరీ, శుభ్రం చేసే పని, లేదా ఐటీ. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 270 రోజులు ఉండనిస్తారు. ఆ తర్వాత ఉద్యోగాల మీద వచ్చేవాళ్లకు ఏటా కోటా ఉంది, దేశ జనాభాలో 0.1 శాతానికి మించకుండా, అంటే దాదాపు 1,300 మంది. ఐటీ వాళ్లు ఆ కోటాలోకి రారు. శాశ్వతంగా ఉండాలంటే భాషలో బీ1, అంటే మధ్య స్థాయి, పరీక్ష పాసవ్వాలి. డిసెంబరులో పగలు ఆరు గంటలే, అదీ మబ్బు పట్టి ఉంటుంది. విటమిన్ డి, మంచి బూట్లు, ఈ రెండింటి దగ్గర పొదుపు వద్దని చెప్పండి. కందిపప్పు దొరుకుతుంది, గోంగూర దొరకదు.

ఓ తమాషా సంగతి. మా ఊళ్లో జైలు పెద్దది, ఖైదీలు తగ్గిపోయి సగం ఖాళీగా ఉంది. స్వీడన్‌లో జైళ్లు కిక్కిరిసిపోయాయి. అందుకని 600 మంది దాకా స్వీడన్ ఖైదీలను టార్టు జైల్లో అద్దెకు పెట్టుకునేలా 2025 జూన్‌లో ఒప్పందం రాసుకున్నారు. ఏటా కోట్ల యూరోల ఆదాయం. ఊళ్లో మాత్రం ఒకటే గొణుగుడు.

కృష్ణాతీరం:
జైలు గదులు అద్దెకివ్వడమా! అమ్మా, చాలా థాంక్స్. మరి అక్కడ రష్యన్ల సంగతేంటి? మన భాషా గొడవల్లాంటివేమైనా ఉన్నాయా?

టార్టూ చదువు:
చాలా పెద్ద సంగతే అంకుల్. జనాభాలో నాలుగో వంతుకు పైగా రష్యన్ మాట్లాడేవాళ్లు. సోవియట్ కాలంలో ఫ్యాక్టరీల కోసం వచ్చి స్థిరపడ్డ కుటుంబాలే ఎక్కువ. 2024 సెప్టెంబరు నుంచి రష్యన్ మీడియం బడులను ఎస్టోనియన్‌లోకి మారుస్తున్నారు. ముందు ఒకటో తరగతి, నాలుగో తరగతి, తర్వాత ఏటా కొన్ని, 2030 నాటికి మొత్తం. మా డిపార్ట్‌మెంట్‌లో ఒకావిడ రష్యా సరిహద్దు ఊరు నార్వాలో టీచర్‌గా చేరింది. పిల్లలకు ఇంట్లో ఒక్క ముక్క ఎస్టోనియన్ వినబడదు, తల్లిదండ్రులకు హోంవర్కు అర్థం కాదు, చాలామంది పాత టీచర్లు భాష పరీక్ష పాసవ్వలేక వెళ్లిపోయారు. పదేళ్ల తర్వాత ఫలితం బాగుండొచ్చు, ఇప్పుడు నాలుగో తరగతిలో ఉన్న పిల్లాడికి మాత్రం కష్టమే.

తాలిన్ మంచు:
నార్వా ఒకసారైనా చూడాలి. నది ఈ గట్టున ఎస్టోనియా కోట, ఆ గట్టున ఇవాన్‌గొరొద్ రష్యా కోట, ఎదురెదురుగా. మధ్యలో వంతెన. 2024 ఫిబ్రవరి నుంచి వాహనాలు బంద్, నడిచేవాళ్లకే దారి, రాత్రిళ్లు అదీ మూత. చక్రాల సూట్‌కేసులు లాక్కుంటూ ముసలివాళ్లు గంటల తరబడి క్యూలో ఉంటారు. అటు కూతురు, ఇటు పెన్షన్. మే 9న రష్యా వాళ్లు అవతలి గట్టున ఇటువైపు తిప్పి పెద్ద తెర పెట్టి, విజయోత్సవ కచేరీ చేస్తారు. ఇటు గట్టున జనం నిలబడి చూస్తారు. అదే రోజు నార్వా కోట గోడ మీద పుతిన్ యుద్ధ నేరస్థుడు అని బ్యానర్ వేలాడుతుంది. ఈ రెండిటి మధ్య 50 వేల మంది బతుకుతున్నారు, నూటికి 90 పైగా రష్యన్ మాట్లాడేవాళ్లే.

అక్కడ 2025లో అరుదైన ఖనిజాలతో అయస్కాంతాలు చేసే ఫ్యాక్టరీ తెరిచారు, కెనడా కంపెనీది. ఎలక్ట్రిక్ కార్లకు, గాలిమరలకు కావాలి అవి. చైనా మీద ఆధారపడటం తగ్గించే పని యూరప్‌లో మొదలైన చోట్లలో నార్వా ఒకటి. మూతబడ్డ క్రెన్‌హోమ్ బట్టల మిల్లు ఊళ్లో కొత్త ఫ్యాక్టరీ రావడం మంచి సంగతే.

ఓరుగల్లు కోట:
సరే, ఇప్పుడు నా అసలు ప్రశ్న. 2025 మార్చిలో రాజ్యాంగం మార్చి స్థానిక ఎన్నికల్లో రష్యా, బెలారుస్ పౌరుల ఓటు తీసేసినరు. 101 మంది సభ్యుల్లో 93 మంది అవునన్నరు. రష్యా పౌరసత్వం ఉన్నోళ్లు అక్కడ 80 వేల దాకా ఉన్నరు. పన్నులు కడతరు, మురికి కాలువ బాగు చేయమని అడగడానికి ఓటు లేదు. ఏ దేశ పౌరసత్వమూ లేక బూడిదరంగు పాస్‌పోర్టుతో బతికేటోళ్లు ఇంకో 60 వేలు. వాళ్లకు 2025 అక్టోబరు ఎన్నికల్లో చివరిసారి ఇచ్చినరు. భద్రత అంటే ఇదేనా? ఓటు తీసేస్తే పక్క దేశం మీద ప్రేమ తగ్గుతదా, పెరుగుతదా?

పాత సంచిక:
ప్రశ్న న్యాయమైనదే. వాళ్ల వైపు వాదన ఏమిటంటే, యుద్ధం చేస్తున్న దేశపు పౌరులు మన పాలకులను ఎందుకు ఎన్నుకోవాలి అని. ఎస్టోనియా పౌరసత్వం తీసుకోవడానికి ముప్పై ఏళ్లు టైమిచ్చాం కదా అనీ అంటారు. ఆ వాదనలో కొంత బలం ఉంది. కానీ 1992లో భాష పరీక్ష పెట్టినప్పుడు యాభై దాటిన ఫ్యాక్టరీ కార్మికుడికి అది కొండంత పరీక్ష. నా మటుకు నేను అయితే పాతికేళ్లు పైబడి నివాసం ఉన్నవాళ్లను మినహాయించేవాణ్ని.

తాలిన్ మంచు:
నేను మాస్టారితోనే. అక్టోబరు ఫలితం కూడా చూడండి. తాలిన్‌లో రష్యన్ ఓటర్ల పార్టీగా పేరున్న సెంటర్ పార్టీయే, ఇన్ని ఓట్లు తీసేసినా, మొదటి స్థానంలో వచ్చింది. రిఫార్మ్ చిత్తుగా ఓడింది. ఇసామా అనే సంప్రదాయవాద పార్టీ దేశమంతా పుంజుకుంది. కాయా కల్లాస్ ప్రధానిగా ఉన్నప్పుడు 2023లో 37 సీట్లు తెచ్చుకున్న పార్టీ ఈ రిఫార్మ్. ఆమె 2024లో ప్రధాని పదవి వదిలి యూరప్ సమాఖ్య విదేశాంగ బాధ్యతల్లోకి వెళ్లిపోయింది. పన్నుల బిల్లు ఆమె తర్వాత ప్రధాని అయిన క్రిస్టెన్ మిఖాల్ నెత్తిన పడింది.

నిర్వాహకుడు:
చర్చ బాగా సాగుతోంది. తెలంగాణ, ఆంధ్ర రాజకీయాలు మధ్యలోకి తెచ్చిన రెండు పోస్టులు తీసేశాను. దయచేసి విషయం మీదే ఉండండి.

కృష్ణాతీరం:
యుద్ధ విమానాల సంగతి ఎవరూ చెప్పలేదు. మా అక్క అడిగే మొదటి ప్రశ్న అదే.

తాలిన్ మంచు:
2025 సెప్టెంబరు 19న మూడు మిగ్-31లు ఫిన్లాండ్ సింధుశాఖ మీదుగా వచ్చి 12 నిమిషాలు ఎస్టోనియా గగనతలంలో ఉన్నాయి. ఎస్టోనియా నాటో నాలుగో ఆర్టికల్ కింద సంప్రదింపులు కోరింది. ఊళ్లో ఆ రోజు ఎవరూ పరిగెత్తలేదు, ట్రాములు తిరిగాయి, ఆఫీసులు నడిచాయి. అంతకంటే జనం ఎక్కువ కంగారు పడింది 2025 ఫిబ్రవరిలో. మూడు బాల్టిక్ దేశాల కరెంటు సోవియట్ కాలం నుంచీ రష్యా గ్రిడ్‌తోనే ముడిపడి ఉండేది. ఫ్రీక్వెన్సీ నియంత్రణ మాస్కో చేతిలో. ఫిబ్రవరి 8న తెగతెంపులు చేసుకున్నారు, ఒక రోజు మూడు దేశాలూ సొంతంగా నిలబడ్డాయి, 9న పోలండ్ మీదుగా యూరప్ గ్రిడ్‌లో కలిశాయి. ముందు రోజుల్లో కరెంటు పోతుందని పుకార్లు. జనరేటర్లు, కొవ్వొత్తులు, నీళ్ల డబ్బాలు బాగానే అమ్ముడుపోయాయి. చివరికి లైటు కూడా మినుకుమనలేదు.

అంతకు ఆరు వారాల ముందే, 2024 క్రిస్మస్ రోజున, ఫిన్లాండ్ నుంచి వచ్చే సముద్రగర్భ కరెంటు కేబుల్ తెగింది. ఈగిల్ ఎస్ అనే ట్యాంకర్ లంగరు ఈడ్చుకుంటూ వెళ్లిందని ఫిన్లాండ్ ఆ ఓడను పట్టుకుంది. 2025 అక్టోబరులో హెల్సింకి కోర్టు, ఇది మా పరిధిలోకి రాదని కేసు కొట్టేసింది. ఇక్కడివాళ్లకు ఒళ్లు మండింది.

టార్టూ చదువు:
అమ్మాయిల తల్లులకు ఒక మాట, రాత్రి పదకొండింటికి లైబ్రరీ నుంచి ఒంటరిగా నడిచొస్తాను. భయపడిందైతే లేదు, జారిపడింది మాత్రం ఉంది.

ఇంకా ఎవరూ పాటల పండగ గురించి రాయలేదేంటి? టైటిల్‌లో పెట్టారు కదా అంకుల్. అది చెప్పకపోతే ఈ దేశం అర్థం కాదు. 1869లో టార్టులోనే మొదలైంది. సుమారు అయిదేళ్లకోసారి జరుగుతుంది. 2025 జులైలో తాలిన్‌లో జరిగినప్పుడు వెళ్లాను. వేదికే ఒక పెద్ద గవ్వ ఆకారపు కప్పు, 1960లో కట్టింది. దాని కింద ఒకేసారి వేలమంది గాయకులు నిలబడతారు. ఈ మధ్య పండగల్లో ముప్పై వేలకు పైగా పాల్గొన్నారు. వృత్తి గాయకులు కారు. బడి పిల్లలు, డ్రైవర్లు, నర్సులు, రెండేళ్లుగా ఊరూరా ప్రాక్టీస్ చేసి వచ్చినవాళ్లు.

ఆ వారాంతం వాన దంచికొట్టింది. నృత్యాల పండగలో ఒక ప్రదర్శన రద్దు చేశారు కూడా. పాటల మైదానంలో ఎవరూ కదల్లేదు. నా ముందు నిలబడ్డ పెద్దాయన పాటల పుస్తకాన్ని పాలిథిన్ కవర్లో చుట్టి, పేజీ తిప్పాల్సి వచ్చినప్పుడల్లా కవరు విప్పి, తిప్పి, మళ్లీ చుట్టుకుంటున్నాడు. ఆయనకు ఆ పాటలన్నీ కంఠతా వచ్చని తెలుస్తూనే ఉంది, అయినా పుస్తకం పట్టుకోవాలంతే. చివర్లో ‘ము ఇసామా ఒన్ మిను అర్మ్’ (నా మాతృభూమే నా ప్రేమ) మొదలవగానే కూర్చున్నవాళ్లంతా లేచారు. లిడియా కొయిదులా రాసిన కవిత, మొదటి పండగలోనే పాడారు. ఇప్పుడు పాడే బాణీ 1944లో గుస్తావ్ ఎర్నెసాక్స్ కట్టింది.

పాత సంచిక:
అదే అమ్మా అసలు కథ. స్టాలిన్ కాలం ముదిరాక ఆ పాటను కార్యక్రమంలోంచి తీసేశారు. 1960 పండగలో అధికారిక కార్యక్రమం అయ్యాక జనమే అందుకుని పాడేశారు. అన్ని వేలమందిని అరెస్టు చేయడం ఎలా? ఆ తర్వాత దాన్ని కార్యక్రమంలో చేర్చక తప్పలేదు. 1988 సెప్టెంబరులో అదే మైదానంలో లక్షల మంది పోగై స్వాతంత్ర్యం కావాలని బహిరంగంగా అడిగారు. తుపాకీ పేల్చకుండా వచ్చిన ఆ ఉద్యమానికే ‘పాడే విప్లవం’ అని పేరు.

ఓరుగల్లు కోట:
పాట సంగతి మాకు చెప్పాల్నా మాస్టారూ. తెలంగాణ ఉద్యమమే ధూంధాం మీద నడిచింది. ఇది మాత్రం ఒప్పుకుంటున్న. పాట ఉన్నోళ్లను ఓడగొట్టుడు కష్టం.

కానీ ఓటు సంగతి ఒప్పుకోను. రష్యన్ పిల్లలు కూడా ఆ వేదిక మీద పాడతరా?

టార్టూ చదువు:
పాడతారు అన్నా. రష్యన్ బడుల కోరస్‌లు కూడా ఉంటాయి, కానీ జనాభాలో వాళ్ల వాటాతో పోలిస్తే చాలా తక్కువ. 2025 పండగలో ప్రాంతీయ యాసలకు పెద్దపీట వేశారు. సెతు, వోరు లాంటి దక్షిణాది యాసల్లో పాటలు. రష్యన్ పాట ఒక్కటీ వినలేదు నేను. దానిమీద మా హాస్టల్ వంటింట్లో పెద్ద వాదనే జరిగింది. వాల్గా ఊళ్లో పుట్టి పెరిగిన అమ్మాయి సరైన పనే అంది, నార్వా అమ్మాయి గిన్నెలు కడుగుతూ మాట్లాడలేదు.

కృష్ణాతీరం:
అందరికీ కృతజ్ఞతలు. ఈ చర్చంతా మా మేనల్లుడికి పంపాను. వాడు అడిగింది ఒకటే, వంటింట్లో అందరూ కలిసి వండుకోవాలా అని.

టార్టూ చదువు:
ఒక ఫ్లోరుకు ఒక వంటిల్లు. పోపు పెడితే ఫైర్ అలారం మోగుతుంది, ముందు కిటికీ తెరవమనండి. ఫాల్స్ అలారానికి ఫైరింజన్ వస్తే బిల్లు వేస్తారు. ఇంగువ ఇక్కడ దొరుకుతుంది, ఆవకాయ మాత్రం తెచ్చుకోమని చెప్పండి.